పెన్న వెంట వెళితే కొండా దొరుకుతుంది, సముద్రమూ దొరుకుతుంది

మీరు రాసింది క్లుప్తంగా ఇది: డిసెంబరు ఆఖరులో అయిదు రోజులు సెలవు ఉంది. అనంతపురం నుంచి బయలుదేరాలి. ఇంటిల్లిపాదీ ఆరుగురు. అమ్మానాన్నలకు డెబ్బై దాటింది, పిల్లలకు ఎనిమిదేళ్లు, పన్నెండేళ్లు. పిల్లలకు సముద్రం కావాలి, పెద్దవాళ్లకు కొండలూ గుళ్లూ కావాలి. ఊటీ, గోవా రెండూ కలిపి చూసి రావచ్చా, లేకపోతే విశాఖ, అరకు మేలా అని అడిగారు.

ఊటీ, గోవా రెండూ అయిదు రోజుల్లో చూడవచ్చు. కాకపోతే మీరు ఎక్కువగా చూసేది ముందు పోతున్న లారీ వెనక భాగాన్ని. అనంతపురం నుంచి బెంగళూరు మీదుగా ఊటీ దగ్గర దగ్గర 480 కిలోమీటర్లు. అక్కడి నుంచి గోవా 600 దాటుతుంది. గోవా నుంచి హుబ్లీ, బళ్లారి మీదుగా ఇల్లు చేరడానికి మళ్లీ 450కి పైనే. మొత్తం 1,500 కిలోమీటర్లు తేలికగా దాటుతుంది, అందులో కనుమ దారులు ఎన్నో. పైగా బందీపూర్ అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. 2024 మే నుంచి నీలగిరికి వెళ్లే బండ్లకు ఈ-పాస్ కూడా కావాలి. కర్ణాటకలో ఒక పూట ఆలస్యమైతే ఆ రాత్రంతా అడవి గేటు బయట లారీల వరుసలో గడపాలి. డెబ్బై దాటిన మనిషిని అలా కూర్చోబెట్టి ఊటీ పూలతోట చూపించినా ఆయనకు గుర్తుండేది నడుము నొప్పే.

నేను ప్రొద్దుటూరులో ఇరవై ఏడేళ్లు టెంపో ట్రావెలర్ నడిపాను. ఇప్పుడు బండి మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో చెప్పడం ఒక్కటే నాకు మిగిలిన పని. పెళ్లివారిని, కాశీ వెళ్లేవాళ్లను, స్కూలు పిల్లలను, సమ్మర్ సెలవుల కుటుంబాలను మోసిన అనుభవంతో ఒక లెక్క కట్టుకున్నాను. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఉన్న బండి రోజుకు 160 కిలోమీటర్లు మించి తిరగకూడదు. తిరుగు ప్రయాణం రోజు ఒక్కటే దీనికి మినహాయింపు. ఈ లెక్కతో చూస్తే మీకు ఊటీ లేదు, గోవా లేదు. విశాఖ ఉంది కానీ ఈసారికి కాదు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మరి ఏముంది అంటారా? మీ ఊరికి 60 కిలోమీటర్ల లోపే పెన్న ఉంది. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, మీ జిల్లా మీదుగా, మా జిల్లా మీదుగా 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు దాటాక బంగాళాఖాతంలో కలుస్తుంది. మధ్యలో ఎర్రమల కొండలను కోస్తుంది, పాలకొండల పక్కన వంపు తిరుగుతుంది, వెలిగొండలను చీల్చుకుని కోస్తాలో పడుతుంది. కొండలు, సముద్రం రెండూ కావాలన్నవాళ్లకు ఆ నది దారి ముందే వేసి పెట్టింది. ఆ దారి వెంటే మీరూ వెళ్లండి. నేను దీన్ని ఇప్పటికి ఓ ఇరవై కుటుంబాలతో చేయించాను. బయలుదేరే ముందు దాదాపు అందరూ ముఖం చిట్లించినవాళ్లే. పెన్నలో చూడటానికేముంది, ఇసుక తప్ప అన్నారు. రాయలసీమవాళ్లం కదా, మనకు మన ఊరి నది అంటే లోకువ.

మొదటి రోజు తెల్లవారి ఏడింటికి బయలుదేరితే ఎనిమిదిన్నరకు తాడిపత్రిలో ఉంటారు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ముందు చూడండి. గర్భగుడిలో లింగం దగ్గర నీటి ఊట ఉంది, ఆ బుగ్గ వల్లే ఆ పేరు. గోపురాల పైభాగం పూర్తి కాలేదు కానీ కింది భాగంలో రాతి మీద చేసిన పని చూస్తే, పూర్తయి ఉంటే ఇంకెలా ఉండేదో అనిపిస్తుంది. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడి కూడా చూడదగ్గదే. రెండింటికీ మెట్ల బాధ లేదు, పెద్దవాళ్లకు హాయి. అక్కడే ఉగ్గాని, బజ్జీ తిని కదలండి.

తాడిపత్రి నుంచి కొలిమిగుండ్ల వైపు తిరిగితే 30 కిలోమీటర్లలో బెలుం గుహలు. దారి పొడుగునా పొలాల గట్ల మీద నిలబెట్టిన నాపరాళ్లు కనిపిస్తాయి. ముళ్ల కంచె వేసే చోట ఇక్కడ బండలు పాతుతారు. రాయి అంత చౌక. బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. అందులో మనల్ని తిరగనిచ్చేది సగానికి కాస్త తక్కువ. 1884లో బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ పరిశోధకుడు వీటి గురించి రాశాడు. వందేళ్ల తరువాత, 1982, 1983లలో జర్మన్ బృందం ఒకటి వచ్చి లోపలంతా కొలిచింది. పిల్లలకు ఇది పండగే. పెద్దవాళ్ల విషయంలో మాత్రం నా మాట వినండి. లోపల గాలి ఆడేందుకు గొట్టాలు పెట్టినా ఉక్క తగ్గదు, డిసెంబరులో కూడా చొక్కా తడుస్తుంది. పాతాళగంగ దాకా దిగి ఎక్కడం ఆయాసం ఉన్నవాళ్ల పని కాదు. ఒకసారి మా బండిలో వచ్చిన ఒక పెద్దావిడ, మనవడు పిలిచాడని పట్టుదలగా దిగింది. పైకి తేవడానికి నలుగురం పట్టాం. అప్పటి నుంచి నేను పెద్దవాళ్లను పైన చెట్టు నీడన మజ్జిగ ఇచ్చి కూర్చోబెడుతున్నాను. గంటన్నరలో పిల్లలు బయటికి వస్తారు.

సాయంత్రం నాలుగింటికల్లా గండికోట చేరాలి. ఇది ఈ ప్రయాణం మొత్తానికి కీలకం. బెలుంలో ఆలస్యమైతే బెలుంను కోసేయండి కానీ ఇక్కడ సాయంత్రం పోగొట్టుకోకండి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. కోట వాకిలి దాటి ఊళ్లోంచి, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం మీదుగా నడిస్తే చివర నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద పెన్న. ఎర్రటి రాళ్లు ఒకదాని మీద ఒకటి ఇటుకలు పేర్చినట్టు, నిలువు గోడల్లా రెండు పక్కలా. ఈ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఇంటర్నెట్‌లో దీన్ని అమెరికాలోని లోయతో పోలుస్తారు. నాకు ఆ పోలిక అంత నచ్చదు. ఆ లోయ గట్టు మీద కోట లేదు, మసీదు లేదు, గుడి లేదు, ఇప్పటికీ మేకలు తోలుకుంటూ మనుషులు బతుకుతున్న ఊరు లేదు.

కొండను నది కోసుకుని పోయే సందును గండి అంటాం కదా, కోటకు ఆ పేరు అందుకే. మీ పిల్లలకు ఈ మాట అక్కడ నిలబెట్టి చెప్పండి, ఎప్పటికీ మరిచిపోరు. 1652లో టావెర్నియె అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికి వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. మీర్ జుమ్లా అప్పటికే పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఈ కోటను లాక్కున్నాడు. ఇంకో సంగతి. మీ పన్నెండేళ్ల వాడికి ఇది తప్పక నచ్చుతుంది: గండికోట జలాశయంలోకి వచ్చే నీటిలో పెద్ద భాగం పెన్నది కాదు. శ్రీశైలం నుంచి గాలేరు నగరి కాలువలో వచ్చే కృష్ణ నీళ్లు. ఒక నది నీరు ఇంకో నది ఇంటికి వచ్చి ఉంటోందన్నమాట.

లోయ అంచున కంచె లేదు. రాళ్లు పైకి గట్టిగా కనిపిస్తాయి, కాలు పెడితే కదిలేవి చాలా ఉన్నాయి. సాయంత్రం గాలి బలంగా తోస్తుంది. ఫొటో కోసం చివరి రాయి మీద కూర్చోవడం ఇక్కడ ఒక ఆచారంలా తయారైంది, మీ ఇంటి వరకు దాన్ని మాన్పించండి. అంచుకు పది అడుగులు ఇవతల నిలబడితే లోయ అంతే లోతుగా కనిపిస్తుంది. కోతులు ఎక్కువ, చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటే అది మీది కాదనుకోండి. రాత్రి బసకు పర్యాటక శాఖ హోటలు ఉంది, గుడారాలు వేసేవాళ్లూ ఉన్నారు. పెద్దవాళ్లతో గుడారం వద్దు. నేల మీంచి లేవడమే వాళ్లకు పెద్ద పని. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా బెంగళూరు వాళ్లతో ఊరు నిండిపోతుంది, గది ఇప్పుడే చూసుకోండి. దొరక్కపోతే జమ్మలమడుగులో పడుకుని తెల్లవారుజామున అయిదింటికి మళ్లీ పైకి రండి. పొద్దు పొడిచే వేళ గోడల మీద రంగు మారుతుంది, కింద నుంచి పొగమంచు లేస్తుంది. నేను ఇన్నిసార్లు చూశాను, ఇప్పటికీ బండిలో పడుకోను, లేచి వెళ్లి చూస్తాను.

రెండో రోజు తేలికగా ఉండాలి. ప్రొద్దుటూరు మీదుగా కడప 80 కిలోమీటర్లు. దారిలో కాస్త పక్కకు తిరిగితే పుష్పగిరి. పెన్న ఒడ్డున కొండ వాలులో చెన్నకేశవస్వామి, వైద్యనాథస్వామి గుళ్లు. అయిదు నదులు కలిసే చోటని పేరు. గుడి బయట గోడల మీద కథలు చెక్కారు. మీ నాన్నగారికి భారతం తెలిసి ఉంటే పిల్లలను ఆయన చేతికి అప్పగించి మీరు ఏటి ఒడ్డున కూర్చోండి. గంట దాటినా తిరిగి రారు. మధ్యాహ్నం కడపలో రాగి సంగటి, నాటుకోడి పులుసు. శాకాహారులైతే సంగటిలోకి చెనక్కాయల పచ్చడి. సాయంత్రం కారం దోసె. కడప కారం దోసె పిల్లలకు పెట్టే ముందు ఒక ముక్క మీరు రుచి చూడండి. తరువాత నన్ను తిట్టుకోవద్దు.

ఓపిక ఉంటే ఆ సాయంత్రమే ఒంటిమిట్ట వెళ్లి రావచ్చు, కడపకు 25 కిలోమీటర్లు. గండికోటకు వచ్చిన ఆ టావెర్నియే ఈ కోదండరాముడి గుడిని చూసి మెచ్చుకుంటూ రాశాడు. ఇక్కడ ఒకే రాతిలో రామలక్ష్మణులు, సీత ఉంటారు. హనుమంతుడు ఉండడు. ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు, జవాబు మీ అమ్మగారి దగ్గర ఉండే ఉంటుంది.

మూడో రోజే అసలు కొండలు దాటే రోజు. కడప నుంచి సిద్దవటం, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు, దగ్గర దగ్గర 160 కిలోమీటర్లు. దీన్ని నాలుగు గంటల్లో చుట్టేయాలని చూడకండి. పొద్దున్నే ఎనిమిదికి బయలుదేరి పగటి పూటే దాటాలి. కృష్ణపట్నం రేవుకు పోయే లోడు లారీలు ఈ దారిలో తగులుతాయి. మలుపుల్లో దాటే తొందర పనికిరాదు. సిద్దవటంలో పెన్నను ఆనుకుని కోట ఉంది, వంతెన మీది నుంచి చూసినా అందమే, కాళ్లు సాగదీయడానికి ఒక అరగంట లోపలికి వెళ్లినా మంచిదే.

సిద్దవటం దాటాక వచ్చేది లంకమల. ఈ అడవిని చూసి చాలామంది పెదవి విరుస్తారు. అరకు లాంటి పచ్చదనం ఉండదు, ముళ్ల పొదలు, బండరాళ్లు, మధ్య మధ్య ఎర్రచందనం. కానీ ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది ఒకటి ఈ పొదల్లో ఉంది. కలివికోడి. 1848లో టి. సి. జెర్డాన్ అనే సర్జను దీన్ని మొదట లోకానికి చెప్పాడు. 1900 తరువాత కనిపించకపోయేసరికి అంతరించిపోయిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో ఇక్కడి గ్రామస్థుడి చేతికి ఒకటి దొరికింది. ఎనభై ఏళ్లకు పైగా పుస్తకాల్లో చనిపోయిన పక్షి మన ముళ్ల పొదల్లో తిరుగుతోందన్నమాట. రాత్రిపూట తిరిగే పక్షి, మీకు కనిపించదు. దాని కోసం బండి దిగి పొదల్లో వెతకవద్దు. ఇంకో జాగ్రత్త: దారి పక్కన ఎర్రటి కట్టెముక్క కనిపించినా సరే, జ్ఞాపకంగా ఉంటుందని బండిలో వేసుకోకండి. ఎర్రచందనం విషయంలో చెక్‌పోస్టు దగ్గర మీ మాట ఎవరూ వినరు. ఒకసారి నా బండిలో ఒక బడి పిల్లవాడు గజం పొడుగు కర్ర దాచుకున్నాడు. అది ఏ చెట్టుదో తేల్చడానికి మేం రెండున్నర గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. చివరికి అది సండ్ర.

బద్వేలు దాటాక వెలిగొండల్లో దారి తిరుగుతుంది, ఆత్మకూరు వచ్చేసరికి వరి మళ్లు మొదలవుతాయి. ఈ మార్పు గమనించమని ముందే చెప్పండి. నేల ఎరుపు పోయి నలుపు, వేరుశనగ పోయి వరి, రాతి మిద్దెలు పోయి కొబ్బరి చెట్లు. ఒక్క పూటలో ఇంత మారే దారి మన రాష్ట్రంలో అరుదు. తీరిక ఉంటే ఆత్మకూరు నుంచి సోమశిలకు పక్కదారి పట్టండి. పెన్న కొండలు దాటి బయటపడే చోటే జలాశయం కట్టారు. పైనుంచి చూస్తే మొన్న గండికోటలో సందులో ఇరుక్కున్న నది ఇక్కడ కాళ్లు చాపుకుని పడుకున్నట్టు ఉంటుంది. రాత్రికి నెల్లూరు చేరండి. సముద్రం ఒడ్డున కాకుండా ఊళ్లోనే గది తీసుకోండి. ఒకసారి ఫొటోలో కిటికీ ఎదురుగా అలలు చూపించిన చోట డబ్బు కట్టాం. తీరా వెళితే సముద్రం మూడు కిలోమీటర్ల అవతల ఉంది, ఎదురుగా ఉన్నది రొయ్యల చెరువు. మీకు కావలసింది వేడినీళ్లు, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి, పక్కనే మందుల షాపు. అవి ఊళ్లోనే దొరుకుతాయి.

ఇక సముద్రం. నెల్లూరు నుంచి మైపాడు 25 కిలోమీటర్లు. ఇక్కడ మనవాళ్లు ప్రతిసారీ చేసే పొరపాటు ఒకటుంది. సినిమాల్లో చూసిన సముద్రం మీది సూర్యాస్తమయం కోసం సాయంత్రం వెళతారు. మన సముద్రం తూర్పున ఉంది. సాయంత్రం సూర్యుడు మీ వీపు వెనక కొబ్బరి తోటల్లోకి దిగిపోతాడు. మైపాడుకు తెల్లవారుజామునే వెళ్లాలి. నాలుగో రోజు అయిదున్నరకల్లా ఇసుకలో ఉండండి. నీళ్లలోంచి సూర్యుడు లేచేటప్పుడు వేటకు పోయిన పడవలు తిరిగి వస్తుంటాయి. గండికోటలో పొద్దు గుంకడం చూశారు కాబట్టి ఇక్కడ పొద్దు పొడవడం చూస్తే లెక్క సరిపోతుంది.

నీళ్లలో దిగడం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, విసుక్కోకండి. మన పిల్లలకు ఈత వస్తే బావిలో వచ్చి ఉంటుంది. బావి నీరు కదలదు. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన అల నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా, అది ఎక్కడో ఒక చోట గుంపుగా చేరి కాలువలా లోపలికి లాగుతుంది. ఆ చోట అలలు విరగవు. రెండు పక్కలా తెల్లటి నురగ ఉండి మధ్యలో ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు అదే మంచి చోటు అనుకుని అక్కడే దిగుతారు. ఒడ్డున పది నిమిషాలు నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో పిల్లలకు చూపించాకే నీళ్లలోకి పంపండి. ఎంత బాగా ఈత వచ్చినా మోకాలు దాటవద్దు. ఒకవేళ లాగితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. అలసిపోయి మునిగేది అందుకే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు పట్టు తప్పుతుంది, ఆ తరువాత అలలే ఒడ్డుకు తోస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు ఎక్కువ. పంచాంగం ఇంట్లో ఉంటుంది కదా, ఒకసారి చూసి వెళ్లండి.

అసలు పెద్ద గండం వాతావరణం. మనకు జూన్ నుంచి సెప్టెంబరు వానాకాలం. నెల్లూరు తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్లు కూడా అప్పుడే. 2021 నవంబరులో వచ్చిన వరదకు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కుంగింది, నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నేను ఇప్పుడు చెబుతున్న దారి ఆ వారం అనేక చోట్ల తెగిపోయింది. డిసెంబరు చివరి వారం సాధారణంగా తెరిపిస్తుంది, అయినా బయలుదేరే ముందు మూడు రోజుల వార్తలు చూడండి. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిస్తే మూడో రోజు కడప దాటవద్దు. ఇంకా సులువైన గుర్తు మైపాడులోనే ఉంటుంది. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగేసి ఉంటే ఆ రోజు సముద్రం మనది కాదు. జాలర్లు దిగని నీటిలో మనం దిగడం ఏమిటి?

మైపాడుకు ఉత్తరాన ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. ఇసుక మేటలు, చీలిపోయిన పాయలు. కొంచెం నడవాలి, పెద్దవాళ్లకు కష్టమైతే మానేయండి. నాలుగైదేళ్ల కిందట ముద్దనూరు వైపు నుంచి ఒక రైతు కుటుంబాన్ని తెచ్చాను. పెద్దాయనకు డెబ్బై ఒకటి, అదే మొదటిసారి సముద్రం చూడటం. ఆయన జీవితంలో అయిదు బోర్లు వేయించి అందులో మూడింట్లో దుమ్ము చూసినవాడు. పంచె పైకి కట్టుకుని నీళ్లలో నిలబడి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నా వైపు తిరిగి, "ఇన్ని నీళ్లు పెట్టి, ఇంత ఉప్పు ఎందుకు వేశాడయ్యా దేవుడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మధ్యాహ్నం భోజనానికి నెల్లూరు తిరిగి వచ్చి చేపల పులుసు తినండి, మామిడికాయ వేసింది దొరికితే ఇంకా మంచిది. ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం కాబట్టి ఎండాకాలంలో సముద్రపు చేప కష్టం. డిసెంబరులో ఆ బాధ లేదు. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి సాయంత్రానికి. పిల్లలు ఇంకా చురుగ్గా ఉంటే గుడిని ఈసారికి మానేసి మధ్యాహ్నమే చెన్నై రోడ్డు పట్టి నేలపట్టు వెళ్లవచ్చు. గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఇంకా ముందుకు వెళ్లి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పులికాట్ మీదుగా వేసిన రోడ్డెక్కితే రెండు పక్కలా పల్చటి నీళ్లలో రాజహంసలు. ఇవన్నీ చేస్తే మీ నాలుగో రోజు నేను పెట్టిన 160 లెక్క దాటుతుంది. పిల్లలదా, పెద్దవాళ్లదా ఎవరి పక్షం వహిస్తారో మీరే తేల్చుకోండి.

అయిదో రోజు తిరుగు ప్రయాణం 300 కిలోమీటర్లకు పైనే. ఆరింటికి కదిలి, కడపలో భోజనం చేసి, ఎండ తగ్గాక తాడిపత్రి మీదుగా ఇల్లు చేరండి. నెల్లూరులో మలైకాజా ముందు రోజు రాత్రే కొనుక్కోండి, పొద్దున షాపులు తెరవరు.

అడిగిన మిగతా సంగతులు పొట్టిగా. చల్లదనమే కొండ అనుకునేవాళ్లు మీ ఇంట్లో ఉంటే గండికోట వాళ్లకు చాలదు. అప్పుడు కదిరి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్లండి. నాలుగు వేల అడుగులకు పైన ఉంటుంది, డిసెంబరులో స్వెట్టరు తప్పదు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. దారిలో కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడండి. 19,107 చదరపు మీటర్ల మేర కొమ్మలు చాచిన చెట్టని 1989లో గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. అక్కడి నుంచి తిరుపతి మీదుగా నెల్లూరు దిగవచ్చు, కానీ తిరుపతి దగ్గర దర్శనం చేసుకోకుండా మీ అమ్మగారు కదలరు, రోజు పోతుంది.

మీ ప్రశ్న కింద కర్నూలు ఆయన ఒకరు మాకూ చెప్పండి అన్నారు. వారికి పెన్న దూరం. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల దాటి ఒంగోలు, చీరాల చేరితే వాడరేవు, ఇంకొంచెం పైన బాపట్ల దగ్గర సూర్యలంక. రైల్లో అయితే గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య అడవీ సొరంగాలూ చూసుకుంటూ గుంటూరు వెళ్లి, అక్కడి నుంచి బాపట్ల పోవచ్చు. పగటి బండి ఎక్కితేనే దానికి అర్థం.

గోవా మీద కోరిక చావకపోతే వానాకాలానికి దాచుకోండి. హౌరా వైపు నుంచి నంద్యాల, గుంతకల్లు మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులు ఉంటుంది. కాజిల్ రాక్ నుంచి కులెం దాకా కనుమలో ప్రతి 37 అడుగులకు ఒక అడుగు దిగుతుంది, అందుకే అదనపు ఇంజన్లు తగిలిస్తారు. దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే పోతుంది, 310 మీటర్ల ఎత్తు. బోగీ దిగి పట్టాల మీదికి వెళ్లవద్దు, నేరం కింద కేసు పెడతారు. ఆగస్టులో తలుపు పక్క సీటు దొరికితే గోవాలో ఇంకేమీ చూడకపోయినా పరవాలేదు.

విశాఖ, అరకు మాత్రం ఏడు రోజులు ఉంటేనే. మీ ఊరి మీదుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ వెళుతుంది, కడప వాళ్లకు తిరుమల ఎక్స్‌ప్రెస్. పోను ఒక రోజు, రాను ఒక రోజు తీసేస్తే మీ అయిదులో మూడే మిగులుతాయి. అరకు మూడు రోజుల్లో అయ్యేది కాదు.

ఒక సంగతి మీరు రాయలేదు. మీ నాన్నగారికి మోకాళ్లు ఎలా ఉన్నాయి? గండికోటలో బండి ఆగే చోటు నుంచి లోయ అంచు దాకా ఎగుడుదిగుడు రాళ్ల మీద నడవాలి. మెట్లకు ఇబ్బంది పడే మనిషి అయితే ఆయనకు కోట లోపల గుడి దగ్గరే కుర్చీ వేసే ఏర్పాటు చెబుతాను, మూడో రోజు సిద్దవటం కోట తీసేసి ఆ సమయం సోమశిలకు ఇద్దాం. రాయండి.